‘ఉంటానండీ’ అనకుండా ఫోన్ పెట్టేయడం ఎలా: ఒక ప్రాజెక్టు డైరీ

నవంబరు 2, సాలిగ్రామం, చెన్నై

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానో ముందే రాసి పెట్టుకోవాలి. లేకపోతే మూడో వారానికల్లా ఇదేదో సరదా ప్రయోగం అనుకుంటాను.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా పిన్నికి ఫోన్ వచ్చింది. ఆవిడకి 67 ఏళ్లు. బాబాయి పోయాక ఒక్కతే ఉంటోంది. నేను రెండు వీధుల అవతల ఉంటాను. మొదట పార్సిల్ ఆఫీసు అన్నారట. తర్వాత పోలీసులమన్నారట. ఆ తర్వాత వీడియోలో యూనిఫాం వేసుకున్న మనిషి, వెనక గోడకి జాతీయ జెండా. మీ ఆధార్ నంబరు మీద డ్రగ్స్ పార్సిల్ దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, కెమెరా ముందు నుంచి కదలకూడదు, ఎవరికీ చెప్పకూడదు. మూడు గంటల నలభై నిమిషాలు ఇలా గడిచింది. ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఎక్కడెక్కడ ఎంతెంత ఉన్నాయో అన్నీ చెప్పేసింది. ఇక డబ్బు పంపడమే తరువాయి అనగా పెద్ద వాన, కరెంటు పోయింది, వైఫై ఆగిపోయింది, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. మా పిన్ని డబ్బు మిగిలింది కరెంటు కోత పుణ్యమా అని.

సాయంత్రం నేను వెళ్లేసరికి లోపలి గడియ. ఎంత కొట్టినా తియ్యదు. చివరికి తలుపు ఓరగా తీసి, టీపాయ్ మీద ఆరిపోయి ఉన్న ఫోన్ వైపు చూపించి, ‘మెల్లిగా మాట్లాడవే, సార్ వింటారు’ అంది. వంటింట్లో స్టవ్ ఆపేసి ఉంది, పాలగిన్నె మీద మూత పెట్టి ఉంది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అది చూసి ఇంకా భయమేసింది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం, బ్యాంకుకి చెప్పాం. పైసా పోలేదు. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. పిన్నికి ఈ మోసం గురించి తెలుసు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదని, ఆగి ఆలోచించి అప్పుడు అడుగు వేయమని చెప్పిన ముక్కని వాట్సాప్‌లో నాకు పంపించింది ఆవిడే. ‘మరి ఫోన్ ఎందుకు పెట్టెయ్యలేదు పిన్నీ?’ అని అడిగితే, ‘మాట్లాడుతున్న మనిషి మొహం మీద ఎలా పెట్టేస్తామే?’ అంది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పద్దెనిమిదేళ్లుగా ఏది ఎక్కడ విరుగుతుందో వెతకడమే నా పని. పిన్ని విరిగింది భయం దగ్గర అని అందరూ అంటున్నారు. నాకేమో అంతకంటే చాలా ముందు, మొహమాటం దగ్గరే విరిగిందనిపిస్తోంది. అది నిజమో కాదో తేల్చుకోవడానికే ఈ డైరీ.

నవంబరు 9

మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఆదివారం సాయంత్రాలు తెలుగు పెద్దవాళ్లు కలుస్తారు. విష్ణు సహస్రనామం అరగంట, కబుర్లు గంటన్నర. చాలామంది సినిమా పనుల మీద మద్రాసు వచ్చి, పరిశ్రమ హైదరాబాద్ వెళ్లిపోయినా ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలవాళ్లు. ఇవాళ పద్నాలుగు మంది ఉన్నారు. ‘రాబోయే వారాల్లో మీలో ఒక్కొక్కరికీ ఉత్తుత్తి మోసపు ఫోన్ ఒకటి చేయిస్తాను, మీరేం చేస్తారో రాసుకుంటాను, ఒప్పుకుంటారా?’ అని అడిగాను. ఐదు నిమిషాల్లో పద్నాలుగు చేతులూ లేచాయి.

సంతోషం లిఫ్టు దాకానే నిలిచింది. వాళ్లెందుకు ఒప్పుకున్నారు? నా చేతిలో ప్రసాదం పళ్లెం ఉంది. నేను వాళ్ల స్నేహితురాలి అక్క కూతుర్ని. అందరి ముందూ అడిగాను. అడిగేవాడికి ఎదుటివాళ్లకి కాదనడం ఎంత కష్టమో తెలియదని 2008లో ఫ్రాంక్ ఫ్లిన్, వనెస్సా బోన్స్ అనే పరిశోధకులు చూపించారు. ముక్కూమొహం తెలియనివాళ్లతో ఐదు ప్రశ్నపత్రాలు నింపించాలంటే ఎంతమందిని అడగాల్సొస్తుందని ముందుగా అడిగితే, విద్యార్థులు సుమారు ఇరవై మందినన్నారు. తీరా వెళ్తే పది మందితోనే పనైపోయింది. కాదనడానికి పడే ఇబ్బంది అడిగేవాడి లెక్కలోకి రాదు. నా ప్రాజెక్టులో మొదటి లోపం నా దగ్గరే దొరికింది.

‘మీ ఇష్టం, వద్దన్నా ఏమీ అనుకోను’ అని మళ్లీ అడుగుదామనుకున్నాను. దానికీ ఒక చిక్కుంది. 2000లో ఫ్రాన్స్‌లో నికొలా గెగాన్, అలెగ్జాండర్ పాస్కల్ రోడ్డు మీద బస్సు ఛార్జీకి చిల్లర అడిగించారు. ఊరికే అడిగితే ఇచ్చినవాళ్లు 10 శాతం. ‘ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం’ అని చివర్లో కలిపితే 47.5 శాతం. ‘మీ ఇష్టం’ అనే మాట కూడా ఎరే అన్నమాట. కాబట్టి నోటితో అడగడం మానేసి, పచ్చళ్ల స్టీలు డబ్బా ఒకటి కడిగి తెచ్చి, చీటీల మీద ‘సరే’ అనో ‘వద్దు’ అనో రాసి మడిచి వెయ్యమన్నాను. మూడు ‘వద్దు’లు వచ్చాయి. అందులో ఒకావిడ రాత్రి నాకు ఫోన్ చేసి, ‘వద్దని రాసింది నేనేనమ్మా, ఏమీ అనుకోకు’ అంది. రహస్య ఓటింగ్‌లో కూడా!

మిగిలింది పదకొండు మంది. ఒక మామయ్య గారికి ఈమధ్యే గుండెకి స్టెంట్ వేశారు, ఆయన్ని నేనే తప్పించాను. లెక్క: పది మంది. పిన్ని చేరలేదు. ‘నాకయింది చాలు’ అంది.

నవంబరు 16

స్క్రిప్టు. లాయరైన మా మేనమామ మొదటే ఒక మాట అన్నాడు: ఆట కోసమైనా పోలీసు, సీబీఐ పేర్లు వాడొద్దు, ప్రభుత్వోద్యోగిగా నటించడం నేరం. అందుకని లోకంలో ఎక్కడా లేని ఒక శాఖని పుట్టించాం: ‘కేంద్ర పార్సిల్ పరిశీలన విభాగం’. ఎవరైనా ‘అలాంటిది ఉందా?’ అని అడిగితే ‘లేదండీ’ అని చెప్పేయాలని రూలు పెట్టుకున్నాం.

గొంతు: వడపళనిలో ఉండే డబ్బింగ్ బాబాయి గారు. మా నాన్న స్నేహితుడు, టెర్రస్ బృందానికి ఆయన తెలియదు. డబ్బింగ్ సినిమాల్లో ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్టర్లకి గొంతిచ్చారు. ‘నడు స్టేషన్‌కి’ అని ఎన్నిసార్లు అన్నారో ఆయనకే లెక్క తెలియదు. విషయం చెప్పగానే పాత ఉత్సాహమంతా లేచొచ్చింది.

మెట్లు నాలుగు. ఒకటి, పేరు నిర్ధారించుకోవడం. రెండు, ‘ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి’ అని నలభై సెకన్లు ఊరికే నిలబెట్టడం. మూడు, కాగితం పెన్ను తెచ్చుకోమని ఫిర్యాదు నంబరు రాయించడం. నాలుగు, లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమనడం. అక్కడితో ఆపేసి, ‘అమ్మా, ఇది టెర్రస్ ప్రాక్టీసు’ అని చెప్పాలి. డబ్బు మాట, ఆధార్ మాట, ఓటీపీ మాట ఎక్కడా రాకూడదు. తలుపు వేసుకున్న మనిషి ఆ తర్వాత ఏం చేస్తుందో నాకు మా పిన్ని ఇంట్లో తెలిసింది, మళ్లీ చూడక్కర్లేదు.

మెట్లెందుకంటే, దిగడం మొదలుపెట్టినవాడికి మధ్యలో ఆగడం కష్టం. 1966లో కాలిఫోర్నియాలో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ ఇళ్ల ముందు పచ్చికలో ‘జాగ్రత్తగా నడపండి’ అనే పెద్ద వికారమైన బోర్డు పాతుకుంటామని అడిగించారు. నేరుగా అడిగితే 17 శాతం మంది సరేనన్నారు. రెండు వారాల ముందు అరచేయంత కూడా లేని చిన్న అట్టని కిటికీకి అంటించుకోవడానికి ఒప్పుకున్న ఇళ్లలోనైతే 76 శాతం. 1960లలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త యేల్ యూనివర్సిటీలో, జవాబు తప్పిన ప్రతిసారీ పక్క గదిలోని మనిషికి ఇంకాస్త పెద్ద కరెంటు షాక్ ఇమ్మని మామూలు మనుషులకి ఆజ్ఞలిప్పించాడు (షాకులు ఉత్తవే, ఆ సంగతి వాళ్లకి తెలియదు). ఆ యంత్రం కూడా అంతే, 15 వోల్టుల చొప్పున ముప్పై మీటలు. మొదటి మీట నొక్కడానికి అభ్యంతరం ఏముంటుంది? 40 మందిలో 26 మంది చివరి మీట, 450 వోల్టుల దాకా వెళ్లారు.

మిల్‌గ్రామ్ గురించి అందరికీ తెలిసింది ఆ 26 సంగతే. నాకు పనికొచ్చింది ఇంకొకటి. ఆయనే ఈ ప్రయోగాన్ని రకరకాలుగా మార్చి చేశాడు. అందులో ఒకసారి ఆజ్ఞలిచ్చే మనిషి గదిలోంచి వెళ్లిపోయి ఫోన్‌లో చెప్పాడు. చివరిదాకా వెళ్లినవాళ్లు సుమారు ఐదుగురిలో ఒకరికి పడిపోయారు. కొందరైతే ఫోన్‌లో ‘పెంచుతున్నాం సార్’ అంటూనే తక్కువ వోల్టుల మీటే నొక్కారు. అంటే ఫోన్‌లో మాత్రమే వినిపించే అధికారికి బలం తక్కువ. ఇప్పుడు మా పిన్ని కేసు చూడండి. వాళ్లు ఫోన్‌తో సరిపెట్టుకోలేదు, వీడియో పెట్టించారు. మూడున్నర గంటలపైగా ఆఫీసర్ని తెచ్చి హాల్లో టీపాయ్ మీద కూర్చోబెట్టారు. ఆ మోసగాళ్లు మిల్‌గ్రామ్‌ని చదివి ఉండరు. చేసి చేసి నేర్చుకుని ఉంటారు.

నవంబరు 23

ఫోన్లకి ముందు ఒక క్లాసు. కాఫీ, మురుకులు, నేను ప్రింటు తీసిన రెండు పేజీలు. చివర్లో చిన్న పరీక్ష. ‘ఇలాంటి ఫోన్ వస్తే ఏం చేస్తారు?’ పదికి పది మందీ ‘కట్ చేస్తాను’ అని రాశారు. బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన అత్తయ్య గారైతే పక్కవాళ్లకి అదనంగా ఇంకో పాఠం చెప్పారు.

ఈ కాగితాలు దాచిపెట్టుకున్నాను. 1966లో హాఫ్లింగ్ అనే సైకియాట్రిస్టు నర్సులతో చేసిన పరిశీలన గుర్తొచ్చి. ముందెన్నడూ వినని డాక్టరు ఫోన్ చేసి, డబ్బా మీద రోజుకి పది మిల్లీగ్రాములు మించకూడదని రాసి ఉన్న మందుని ఇరవై ఇమ్మంటాడు. 22 మందిలో 21 మంది ఇవ్వబోయారు, వాళ్లని దారిలో ఆపేశారు (మందు ఎలాగూ ఉత్తదే). ఇలా జరిగితే ఏం చేస్తారని వేరే నర్సుల్ని ఊరికే అడిగితే 12 మందిలో 10 మంది ‘ఇవ్వం’ అన్నారు. ఊరికే అడిగినప్పుడు అందరం బాగానే చెప్తాం.

డిసెంబరు 7

మొదటి రౌండు పూర్తయింది. వానల వల్ల నాలుగు రోజులు ఆలస్యం. ఆర్కాట్ రోడ్డు మీద మెట్రో పనుల చప్పుడు వెనకాల వినిపించి బాబాయి గారి ఆఫీసుకి సహజత్వం బాగా వచ్చింది.

ఐదుగురితో దబాయింపుగా, ఐదుగురితో మర్యాదగా మాట్లాడించాను. ఎవరికి ఏదన్నది చీటీ వేసి తేల్చాను.

దబాయింపు జట్టు: ప్రొడక్షన్ మేనేజరుగా చేసిన మామయ్య గారు ‘ఎవడ్రా నువ్వు’ అని మొదటి వాక్యానికే పెట్టేశారు. దీన్ని విజయం కింద రాసుకోలేను, ఆయన అందరితోనూ అంతే. ఇంకొకావిడ, బాబాయి గారు గొంతు పెంచగానే ‘అరుస్తారేంటి?’ అని కట్ చేసింది. ఒకాయన తలుపు దగ్గర ఆగిపోయారు. ఇద్దరు తలుపు వేసుకున్నారు.

మర్యాద జట్టు: ఒకరు తలుపు దగ్గర ఆగారు. నలుగురు వేసుకున్నారు. వాళ్లలో బ్యాంకు అత్తయ్య గారు ఉన్నారు.

పదిలో ఆరు తలుపులు. మిల్‌గ్రామ్ 65 శాతానికి దగ్గరగా వచ్చిందే అని సంబరపడబోయి ఆపుకున్నాను. పది మందితో శాతాలు కట్టేవాళ్లని ఆఫీసులో నేనే వెక్కిరిస్తుంటాను. ఆ మర్యాద, దబాయింపు తేడా కూడా ఇంత చిన్న లెక్కలో నమ్మదగింది కాదు. కాకపోతే ఇదే వేరేచోటా కనిపించింది. మిల్‌గ్రామ్ ప్రయోగంలో జంకుతున్నవాళ్లని నాలుగు మాటలతో ముందుకి తోసేవాళ్లు. మొదటిది ‘దయచేసి కొనసాగించండి’, నాలుగోది ‘మీకు వేరే దారి లేదు, కొనసాగించి తీరాలి’. జెర్రీ బర్గర్ దాన్ని కొంతవరకు మళ్లీ చేసి 2009లో అచ్చువేశాడు. నాలుగో మాట దాకా వచ్చినవాళ్లు ఒక్కరు కూడా ముందుకు సాగలేదు. ఆజ్ఞ ఆజ్ఞలా వినిపిస్తే మనిషి మొండికేస్తాడు. ‘కొంచెం సహకరించండమ్మా’ అంటే కరిగిపోతాడు.

ఇంకో సంగతి. కేంద్ర పార్సిల్ పరిశీలన విభాగం అనేది ఉందా అని పది మందిలో ఒక్కరూ అడగలేదు. రిటైర్డ్ మాస్టారు ఫిర్యాదు నంబరు రాసుకుని, తిరిగి చదివి వినిపించి, ‘సరిచూసుకోండి’ అన్నారట కూడా.

రికార్డింగులు వింటే నా అనుమానానికి బలం దొరికింది. తలుపు వేసుకున్న ఆరుగురిలో నలుగురి గొంతులో భయం లేదు. ‘ఆ’, ‘ఆహా’, ‘చెప్పండి’, ‘అలాగే’. మనం ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు కొట్టే ఊ తప్ప ఇంకేమీ లేదు. నలభై సెకన్లు నిశ్శబ్దంగా నిలబెట్టినప్పుడు, ఫోన్ పెట్టేయడానికి అంతకంటే మంచి అదను ఇంకోటి లేదు, ఒక్కరూ పెట్టలేదు. మాస్టారైతే మధ్యలో ‘ఉన్నానండీ, ఉన్నాను’ అన్నారు.

డిసెంబరు 10

ఇది రాయడానికి మూడు రోజులు ఆగాను.

రెండో అంతస్తు అత్తయ్య గారు, కుండీల్లో చామంతులు పెంచుతారు, నాతో మాట్లాడటం మానేశారు. ఆరోగ్యం దృష్ట్యా ప్రతి ఇంట్లోనూ ఒకరికి ముందుగా చెప్పి ఉంచాను. వాళ్ల అబ్బాయికి చెప్పాను. అతను భార్యకి చెప్పాడు. అత్తయ్య గారు ఫోన్ చెవికి పెట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంటే కోడలు హాల్లో నిలబడి నవ్విందట.

ఒప్పుకునే కదా చీటీ వేశారు అని నాలో టెస్టరు వాదించాడు. వాడి నోరు మూయించి కిందికి వెళ్లాను. అత్తయ్య గారు కాఫీ ఇచ్చారు గానీ మాట్లాడలేదు. గ్లాసు తీసుకెళ్తూ ‘మోసపోయినందుకు కాదమ్మా, చూస్తుండగా మోసపోయినందుకు’ అని మాత్రం అన్నారు. తప్పు పూర్తిగా నాదే. ఎవరికి చెప్పాలో ఆవిడనే అడగాల్సింది. ఇకముందు అలాగే.

రెండో రౌండుకి ఆవిడ రారు. తొమ్మిది మంది.

డిసెంబరు 14

బ్యాంకు అత్తయ్య గారి తీరు వేరు. మూడు రోజులు ముభావంగా ఉండి, నాలుగో రోజు నోట్‌బుక్‌తో వచ్చారు. ‘నేను ఎక్కడ పడ్డానో రికార్డింగ్ వినిపించు’ అన్నారు. రెండుసార్లు విన్నారు. ఇప్పుడు ఈ విషయంలో మా అందరికంటే కసి ఆవిడకే.

దీనికి పరిశోధన ఉంది. బ్రాడ్ శాగరిన్, అతని సహచరులు 2002లో అచ్చువేసింది. అర్హత లేని నిపుణుల్ని చూపించే ప్రకటనల్ని పసిగట్టడం విద్యార్థులకి నేర్పారు. పాఠం మాత్రమే విన్నవాళ్లకి పెద్దగా ఒరగలేదు. ‘ఇదుగో, ఈ ప్రకటన నిన్నూ నమ్మించింది’ అని ఎవరి తప్పు వాళ్లకి చూపించాకే గట్టిపడ్డారు. మోసపోయేది పక్కింటివాళ్లని అనుకున్నంతసేపూ పాఠం పక్కింటికే వెళ్తుంది. అయితే ఇదే మందు చామంతుల అత్తయ్య గారికి విషమైంది. ఎవరికి ఎలా చూపించాలన్నది ఆ పరిశోధనలో నాకు దొరకలేదు.

డిసెంబరు 21

ధనుర్మాసం. పొద్దున్నే ముగ్గులు, సాయంత్రం టెర్రస్ మీద ఫోన్ ప్రాక్టీసు. సమాచారం ఇవ్వడం పూర్తిగా మానేశాను. ఇప్పుడు నేర్పేది ఒకటే, వేలితో ఎర్ర గుండ్రం నొక్కడం.

ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు ‘ఒక్క నిమిషమండీ, మీతో ముఖ్యమైన విషయం’ అని మొదలుపెట్టాలి. రెండోవాళ్లు ఏమీ అనకుండా ఫోన్ పెట్టేయాలి. ఇంతే పని. మొదటి రోజు తొమ్మిది మందిలో ఒక్కరూ చేయలేకపోయారు, నవ్వులు, సిగ్గు, ‘ఛ, బాగుండదు’. గమనించగా అర్థమైందేమిటంటే, మన తెలుగువాళ్ల ఫోను ఒక్కరి ఇష్టంతో ముగియదు. ‘సరేనండీ’, ‘సరే మరి’, ‘ఉంటానండీ’, ‘ఆ, ఉంటాను’. రెండువైపులా ఉంటాను అనుకున్నాక గానీ ఎవరూ ఉండరు. మోసగాడు ఆ ‘సరే మరి’ ఎప్పటికీ అనడు. మనవాళ్లు దాని కోసం ఎదురుచూస్తూ గంటలు గంటలు లైన్‌లో ఉండిపోతారు.

అందుకని మౌనంగా కట్ చేయమనడం మానేసి, ఎవరి వాక్యం వాళ్లని తయారుచేసుకోమన్నాను. ఎదుటివాడి జవాబుతో పని లేకుండా అదే చివరి మాట కావాలి. బ్యాంకు అత్తయ్య గారిది: ‘రాతపూర్వకంగా పంపండి, ఉంటాను.’ ప్రొడక్షన్ మామయ్య గారిది ఇక్కడ రాయలేను. మాస్టారికి ఏ వాక్యమూ నోటికి రాలేదు. చివరికి వాళ్లావిడ ‘మీరు చెప్పలేరు గానీ, చారు పొంగుతోంది అనండి’ అంది. అది పట్టేసింది. చారు పొంగుతుంటే ఎంత పెద్ద ఆఫీసరైనా ఆగాల్సిందే కదా. అట్టముక్కల మీద ఎవరి వాక్యం వాళ్లకి రాసి ఫోన్ కవరు వెనక పెట్టించాను.

రెండో ఏర్పాటు, జతలు. ఏ అధికారి ఫోన్ వచ్చినా, పెట్టేశాక ముందు జతవాళ్లకి మిస్డ్ కాల్. ఇది సోలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర్నుంచి తీసుకున్నాను. 1950లలో గీతల పొడవులు పోల్చే ప్రయోగాల్లో గదిలో అందరూ తప్పు చెప్తుంటే మూడింట ఒక వంతు జవాబులు వాళ్లతోపాటే తప్పాయి. నిజం చెప్పేవాడు ఒక్కడు పక్కనుంటే చాలు, ఆ తప్పులు చాలా మటుకు పోయాయి. మిల్‌గ్రామ్ కూడా ఒక ప్రయోగంలో పక్కన ఇద్దర్ని పెట్టి వాళ్లని మధ్యలో లేచిపోమన్నాడు. 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు. ‘ఎవరికీ చెప్పకూడదు’ అని మోసగాళ్లు మొదటే అనేది ఎందుకో తెలుస్తూనే ఉంది. ఆ పక్కనుండే ఒక్కణ్ణీ తీసేయడానికి.

జనవరి 4

రెండో రౌండు. ఈసారి కథ మార్చాం (కరెంటు బిల్లు), గొంతూ మార్చాం (బాబాయి గారి పాత సహోద్యోగి, ఆవిడ అంతా మర్యాదే).

తొమ్మిది మందిలో ఆరుగురు మొదటి నిమిషంలోనే వాక్యం చెప్పి పెట్టేశారు. ఇద్దరు నంబరు రాసుకునేటప్పుడు తేరుకున్నారు. ఒకరు మళ్లీ తలుపు వేసుకున్నారు.

దీన్ని కూడా పూర్తిగా నమ్మేయకూడదు. ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ వస్తుందని వాళ్లకి తెలుసు. శిక్షణ లేని ఇంకో జట్టుతో పోల్చలేదు. ఏడాది తర్వాత ఇది మిగులుతుందో లేదో తెలియాలంటే ఏడాది ఆగాలి.

ఆ తలుపు వేసుకున్నాయన 78 ఏళ్ల ఎడిటింగ్ అసిస్టెంట్ గారు. చెవి కొంచెం మందం, పిల్లలు అమెరికాలో. ఎందుకు పెట్టెయ్యలేదని అడిగితే, ‘మోసమని మొదట్లోనే అనుకున్నానమ్మా. బాగా మాట్లాడుతోంది కదా అని విన్నాను’ అన్నారు. దీనికి నా దగ్గర అట్టముక్క లేదు. ఆయన జతని మార్చి మాస్టారిని పెట్టాను, రోజూ సాయంత్రం ఫోన్ చేసి కాసేపు మాట్లాడమన్నాను. ప్రాజెక్టులో ఇది ఏ మెట్టు కిందికి వస్తుందో తెలియదు.

జనవరి 11

తప్పుడు అలారాలు, ఇప్పటిదాకా వచ్చినవి: బ్యాంకు అత్తయ్య గారు నిజమైన కొరియర్ అబ్బాయిని రాతపూర్వకంగా పంపమన్నారు. మాస్టారి అల్లుడు కొత్త నంబరు నుంచి చేసి ‘మామయ్య గారూ, ఒక్క నిమిషం’ అనగానే చారు పొంగింది. పండక్కి వస్తారో రారో అని ఇంట్లో టెన్షన్. నేనే ఫోన్ చేసి అల్లుడు గారికి ప్రాజెక్టంతా వివరించాల్సొచ్చింది. అలకలో ఉన్నవాళ్లకి మిల్‌గ్రామ్ గురించి చెప్పడం అంత తేలిక కాదు.

చామంతుల అత్తయ్య గారు ఇవాళ లిఫ్టులో ‘బాగున్నావా’ అన్నారు. రాసుకుంటున్నాను.

జనవరి 18

కనుమ వెళ్లిన రెండో రోజు. పిన్ని ఇంట్లో మిగిలిన అరిసెలు తింటూ లెక్కలు చూసుకుంటున్నాను. ఆవిడ నా స్క్రిప్టు కాగితం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, మొత్తం చదివింది. ఇన్ని వారాల్లో మొదటిసారి.

‘ఇది నాకు వచ్చినట్టు లేదే’ అంది.

‘ఏది లేదు?’

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. కొంతసేపటికి స్టవ్ మీద పాలు గుర్తొచ్చాయట. ‘సార్, పాలు పెట్టానండీ, ఆపి రానా?’ అని అడిగిందట. ఆ మనిషి ‘అయ్యో, వెళ్లి రండమ్మా, నిదానంగా రండి, ఒక గ్లాసు మీరూ తాగండి, పొద్దుట్నుంచీ ఏం తిన్నారో ఏమో’ అన్నాడట. ‘అప్పటిదాకా నాకు అనుమానంగానే ఉందే. ఆ మాట అన్నాక ఇంక ఆయన్ని కాదనడానికి నోరు రాలేదు. డిపాజిట్ల సంగతి చెప్పింది ఆ తర్వాతే.’

1971లో డెనిస్ రీగన్ చేసిన ప్రయోగం నేను ఎప్పుడో చదివి పక్కన పెట్టేశాను. అడక్కుండానే ఒక కోకా కోలా తెచ్చి చేతిలో పెట్టిన మనిషి, ఆనక లాటరీ టికెట్లు కొనమంటే, ఆ కోలా తాగినవాళ్లు సుమారు రెట్టింపు కొన్నారు. ఆ మనిషి నచ్చాడా లేదా అన్నది కూడా పట్టించుకోలేదు. రీగన్ తన డబ్బుతో కోలా కొనిచ్చాడు. వీడు మా పిన్ని పాలు మా పిన్నికే ఇచ్చాడు.

పిన్ని మూడో రౌండులో ఫోన్ తనే చేస్తానంటోంది. గొంతు ఎక్కడ తగ్గించాలో బాబాయి గారికంటే తనకే బాగా తెలుసట.

స్క్రిప్టులో మార్పు: మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ మధ్య ‘మంచినీళ్లు తాగి రండమ్మా, నేను లైన్‌లో ఉంటాను’ చేర్చాలి. అట్టముక్కలు కొత్తగా రాయించాలి. ఫిబ్రవరి రెండో వారం.